అడాప్టర్ మీద బీఐఎస్ మార్క్ ఉంటే నమ్మొచ్చా? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు చూడండి

పొదలకూరు_రోడ్డు

అందరికీ నమస్కారం. ఇంట్లో వైఫై రూటర్ అడాప్టర్ పోతే ట్రంక్ రోడ్డు పక్క సందులో ఒక షాపులో కొత్తది తీసుకున్నాను, 12 వోల్టులు 1 ఆంపియర్. బిల్లు అడిగితే చీటీ మీద రాసిచ్చారు. రెండో వారం నుంచి రాత్రిపూట కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది, ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడి. పిల్లలు ఆ బోర్డు దగ్గరే ఆడుకుంటారని టెన్షన్ వచ్చి తీసేశాను. ఇప్పుడు అసలు సంగతి. దాని మీద బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) మార్క్ ఉంది, పైన ఐఎస్ 13252 అని ప్రమాణం నంబరు, కింద ఆర్ అక్షరంతో ఎనిమిది అంకెల నంబరు కూడా ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వేరే బ్రాండు, వేరే కంపెనీ పేరు చూపిస్తోంది. అడాప్టర్ మీదున్న బ్రాండుకీ దానికీ సంబంధమే లేదు. దీన్ని ఏమనుకోవాలి? మార్క్ చూసి కొనమని అందరూ చెప్తారు, చూసే కొన్నాం కదా.

సోల్డరింగ్_కావలి

అన్నా, ముందు దాన్ని మళ్లీ ప్లగ్గులో పెట్టొద్దు, పారేయొద్దు కూడా. రెండు వైపులా ఫోటోలు తీసి పెట్టుకో, లేబుల్ స్పష్టంగా పడాలి.

ఇట్టాంటివి నా బెంచీ మీదికి రోజూ వస్తాయి. నిన్న ఒకటి విప్పాను, మొబైల్ ఛార్జర్, పైకి చూస్తే పెద్ద కంపెనీ సరుకులాగే ఉంది. లోపల గోధుమ రంగు పేపర్ బోర్డు, ఒకవైపే రాగి. కరెంటు లోపలికొచ్చే చోట ఫ్యూజు లేదు, కనీసం ఫ్యూజిబుల్ రెసిస్టర్ కూడా లేదు, వైరు నేరుగా డయోడ్ల మీదికే. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు విప్పితే ప్రైమరీకీ (మెయిన్స్ వైపు చుట్ట) సెకండరీకీ (ఫోన్ వైపు చుట్ట) మధ్య పసుపు టేపు ఒక్క పొర, అది కూడా అంచు దాకా రాలేదు. బోర్డు తిప్పి చూస్తే 230 వోల్టుల వైపు రాగి గీతకీ యూఎస్‌బీ వైపు గీతకీ మధ్య గోరు కూడా పట్టనంత సందు. ఆ సందు చెరువు గట్టులాంటిది, అవతలి నీళ్లు ఇవతలికి రాకుండా ఆపేది అదొక్కటే. గట్టు సన్నగా కట్టినోడు లేబుల్ మీద ఏ నంబరు వేసుకుంటే ఏంది?

గూడూరు_మొబైల్స్

అన్నలారా, అమ్మేవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట వినండి. షాపుకొచ్చే పదిమందిలో ఎక్కువమంది "నూటయాభైలోపు ఛార్జర్ ఇవ్వు" అనే అడుగుతారు. రిజిస్ట్రేషన్ ఉన్న మంచి అడాప్టర్ ఆ ధరకి మాకే పడదు. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి సరుకు తెచ్చి ఇచ్చే వాళ్లు ఉంటారు, ప్యాకెట్ మీద మార్క్ ఉంటుంది, అది నిజమో కాదో మేమెట్టా తేల్చాలి? మా దగ్గర ల్యాబ్ ఉందా? నాకు నిజంగా తెలుసుకోవాలనే ఉంది, అందుకే అడుగుతున్నా.

ల్యాబ్_ఒంగోలు

సొంతూరు ఒంగోలు, పని మాత్రం హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మార్కుల మధ్య తేడా. ఐఎస్ఐ మార్క్ కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉంటుంది. వైర్లు, స్విచ్చులు, ఇస్త్రీ పెట్టె, గీజర్, ఇమ్మర్షన్ రాడ్డు లాంటివి ఆ దారిలో వస్తాయి. అక్కడ బీఐఎస్ వాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లి చూసి లైసెన్సు ఇస్తారు. ఎలక్ట్రానిక్స్ దారి వేరు. 2012లో కేంద్రం కంపల్సరీ రిజిస్ట్రేషన్ ఆర్డర్ ఇచ్చింది, మొదట 15 రకాల వస్తువులతో 2013లో అమల్లోకి వచ్చింది. తర్వాత జాబితా పెరుగుతూ పోయింది. అడాప్టర్లు, మొబైళ్లు, పవర్ బ్యాంకులు, ఎల్ఈడీ బల్బులు, టీవీలు, సీసీ కెమెరాలు, ఇంట్లో వాడే చిన్న యూపీఎస్‌లు అన్నీ ఇందులోవే. ఈ స్కీములో తయారీదారు తన శాంపిల్‌ని మన దేశంలో బీఐఎస్ గుర్తించిన ల్యాబ్‌లో టెస్ట్ చేయించి, ఆ రిపోర్టుతో "నా సరుకు ప్రమాణానికి తగ్గట్టే ఉంది" అని తానే ప్రకటించుకుని నంబరు తీసుకుంటాడు. నంబరు ఇచ్చే ముందు ఎవరూ ఫ్యాక్టరీకి వెళ్లరు. తర్వాత మార్కెట్లో శాంపిళ్లు కొని పరీక్షించడమే నిఘా. మొత్తం పద్ధతి ఆ నిఘా మీదే నిలబడి ఉంది, అది పల్చగా ఉన్న చోట దొంగ నంబర్లు తిరుగుతాయి.

ఇక పొదలకూరు రోడ్డు సార్ అడిగినదానికి. ఆ నంబరు ఒక ఫ్యాక్టరీకి, ఒక బ్రాండుకి, ఒక రకం వస్తువుకి కట్టుబడి ఉంటుంది. అదే కంపెనీకి రెండు ఫ్యాక్టరీలుంటే రెండు నంబర్లు. కాబట్టి యాప్‌లో నంబరు "ఉంది" అని తేలితే సరిపోదు. బ్రాండు కలవాలి, వస్తువు కలవాలి, రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుబాటులో ఉండాలి. మీకు వేరే బ్రాండు వచ్చిందంటే ఇంకొకరి నంబరు ఎత్తి అచ్చేశారన్నమాటే. గూడూరు అన్నా, నీకు ల్యాబ్ అక్కర్లేదు, కొత్త సరుకు దించుకునే రోజు ఒక్కో రకంలో ఒక ప్యాకెట్ తీసి ఫోన్‌లో ఈ మూడూ చూస్తే చాలు. సగం దొంగ సరుకు అక్కడే దొరికిపోతుంది.

సోల్డరింగ్_కావలి

ల్యాబ్ సార్, ఆ సందు ఎంతుండాలో అంకెల్లో చెప్పండి. మా కుర్రాళ్లకి చూపించాలి.

ల్యాబ్_ఒంగోలు

ఐఎస్ 13252 అనేది అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60950-1 నుంచి తీసుకున్నదే. 230 వోల్టుల సప్లైకి, మామూలు ఇంటి వాతావరణంలో, మామూలు బోర్డు మెటీరియల్ మీద, చేత్తో ముట్టుకునే వైపుకీ మెయిన్స్ వైపుకీ మధ్య బోర్డు ఉపరితలం వెంట సుమారు 5 మిల్లీమీటర్లు ఉండాలి, దీన్ని క్రీపేజ్ అంటాం. గాలిలో నేరుగా కొలిస్తే సుమారు 4 మిల్లీమీటర్లు, అది క్లియరెన్స్. మంచి ఛార్జర్ బోర్డులో ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఆప్టోకప్లర్ (వెలుతురుతో రెండు వైపుల మధ్య సంకేతం పంపే పార్టు) కింద పొడుగ్గా గాడి కోసి ఉంటుంది, చూసే ఉంటావు. ఉపరితలం వెంట దూరం పెంచడానికే ఆ గాడి. దాని తర్వాత 3000 వోల్టుల ఏసీ ఒక నిమిషం పెట్టి చూస్తాం, ఇన్సులేషన్ తట్టుకోవాలి.

ఇంకోటి, ఆప్టోకప్లర్ లేదు కాబట్టి నకిలీ అని కొందరు వీడియోల్లో చెప్తుంటారు, అది సరికాదు. ప్రైమరీ వైపు నుంచే వోల్టేజీని కంట్రోల్ చేసే ఐసీలు ఉన్నాయి, మంచి కంపెనీలు కూడా వాడతాయి. చూడాల్సింది రెండు వైపులనీ కలిపే నీలం కెపాసిటర్. అది వై1 రకం అయ్యుండాలి, దాని ఒంటి మీదే వై1 అని, సర్టిఫికేషన్ గుర్తులు అచ్చయి ఉంటాయి. చౌక సరుకులో అదే రంగు, అదే సైజులో ఉండే మామూలు 1 కేవీ సిరామిక్ కెపాసిటర్ వేస్తారు. మామూలుది పాడైతే షార్ట్ అవ్వొచ్చు, అప్పుడు 230 వోల్టులు నేరుగా ఫోన్ వైరులోకి వస్తాయి. వై1ని అట్లా షార్ట్ కాకుండా ఉండేలా తయారుచేసి, పరీక్షించి వదులుతారు. రెండిటి ధరలో తేడా కొద్ది రూపాయలే. ఈ ఒక్క పార్టు మీద ఎవరైనా డబ్బు మిగుల్చుకుంటున్నారంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

మర్రిపాడు_సుబ్బు

మా ల్యాపుటాపు మెటల్ బాడీ. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు చెయ్యి రాస్తే జివ్వుమంటుంది. అడాప్టర్ ఒరిజినలే, యాప్‌లో కూడా అన్నీ కలిశాయి. ఇది కూడా ఆ కెపాసిటర్ పోవడమేనా? భయంగా ఉంది.

ల్యాబ్_ఒంగోలు

కాకపోవచ్చు సుబ్బు గారూ. వై కెపాసిటర్ గుండా అతి కొద్ది కరెంటు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఎర్త్ లేని డబుల్ ఇన్సులేషన్ అడాప్టర్‌కి ప్రమాణం పెట్టిన హద్దు 0.25 మిల్లీ ఆంపియర్. ఆ హద్దు లోపల ఉన్నా చర్మానికి జివ్వుమని తెలుస్తుంది, ప్రాణానికి ప్రమాదం లేదు. లేబుల్ మీద ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ రకం. మీది మూడు పిన్నుల ప్లగ్గు అయితే మాత్రం ముందు గోడలో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మన వైపు పాత ఇళ్లలో సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఉంటుంది గానీ వెనక వైరు ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడుతుంటే వెంటనే తీసేయండి. జివ్వుమనడం పోయి షాక్ కొట్టినట్టు అనిపిస్తే అది వేరే సమస్య, వాడకం ఆపి చూపించాల్సిందే.

కందుకూరు_వకీలు

చట్టం సంగతి నేను చెప్తాను. బీఐఎస్ చట్టం 2016, సెక్షన్ 17 చదివితే గూడూరు తమ్ముడికి విషయం అర్థమవుతుంది. మార్క్ తప్పనిసరి చేసిన వస్తువుని మార్క్ లేకుండా తయారుచేయడం, దిగుమతి చేయడమే కాదు, అమ్మడం, అద్దెకివ్వడం, నిల్వ పెట్టడం, అమ్మకానికి ప్రదర్శించడం కూడా నిషేధమే. "నేను తయారుచేయలేదు, అమ్మాను అంతే" అనే మాట చెల్లదు. సెక్షన్ 29 కింద మొదటిసారి తప్పుకి రెండేళ్ల వరకూ జైలు గానీ, 2 లక్షలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ. మళ్లీ చేస్తే జరిమానా 5 లక్షలకు తగ్గదు. జరిమానా సరుకు విలువకి పది రెట్ల వరకూ వెళ్లొచ్చు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ప్రాడక్ట్ లయబిలిటీ అని ఒక అధ్యాయమే ఉంది. అందులో సెక్షన్ 86 చూడండి. వస్తువు వల్ల నష్టం జరిగి, దాన్ని తయారుచేసింది ఎవరో తెలియకపోతే, లేదా వాళ్లకి నోటీసు అందించే దారి లేకపోతే, ఆ బాధ్యత అమ్మినవాడి మీద పడుతుంది. బిల్లు లేకుండా తెచ్చిన సరుకు అమ్మడమంటే ఎవడో పేరు తెలియని వాడి భారం మొత్తం మన నెత్తిన పెట్టుకోవడమే. తమ్ముడూ, నీ హోల్‌సేలర్ దగ్గర జీఎస్టీ బిల్లు తీసుకో, అందులో బ్రాండు, మోడల్ రాయించు. ఇవ్వనంటే ఆ సరుకు వద్దు.

పొదలకూరు రోడ్డు గారూ, మీరు చెయ్యాల్సింది: ముందు షాపులో రాతపూర్వకంగా అడగండి, ఫోన్ మెసేజ్ అయినా సరే. లొంగకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బీఐఎస్ కేర్ యాప్‌లోనే మార్క్ దుర్వినియోగం మీద ఫిర్యాదు పెట్టే చోటు ఉంది, అందులో ఫోటోలు జత చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలన్నా ఐదు లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు.

పొదలకూరు_రోడ్డు

వకీలు గారూ, ధన్యవాదాలు. చీటీ తప్ప బిల్లు లేదు కదా, నిలబడుతుందా?

కందుకూరు_వకీలు

ఫోన్‌పే, గూగుల్‌పే ఏదైనా చేసి ఉంటే ఆ లావాదేవీ, చీటీ, ఫోటోలు, వస్తువు అన్నీ కలిపి చూస్తారు. ప్యాకెట్ ఉంటే దాచండి. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఫిర్యాదుల ఫోన్ నంబరు ఉండాలని లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల శాఖ) రూల్స్ చెప్తాయి. అవి లేకపోతే అదొక్కటే వేరే ఉల్లంఘన.

చెరువుగట్టు

మాది కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువులు. మీరు చెప్పేవన్నీ ఇళ్లలో వస్తువుల గురించి. మా గట్ల మీద అడాప్టర్లు, స్టార్టర్లు, ఆటోమేటిక్ ఫీడర్లు రాత్రింబవళ్లు నడుస్తాయి, ఉప్పుగాలి, తేమ. ఇప్పుడు ఒక కుర్రాడు ఏరేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఆగిపోతే ఫోన్‌కి మెసేజ్ పంపే పెట్టె తయారుచేసి ఇస్తానంటున్నాడు. రాత్రి ఏరేటర్ ఆగిందంటే తెల్లారేసరికి ఆక్సిజన్ అందక పంట మొత్తం పోతుంది, కాబట్టి నాకది కావాల్సిందే. దానికి కూడా ఈ మార్కులు కావాలా? చూసుకోవాల్సినవి ఏంటి?

ల్యాబ్_ఒంగోలు

చాలా మంచి ప్రశ్న, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

రిజిస్ట్రేషన్ జాబితా వస్తువుల పేర్లతో ఉంటుంది. చెరువు కంట్రోలర్ అని జాబితాలో లేదు. కానీ దానికి కరెంటిచ్చే అడాప్టర్ జాబితాలో ఉంది, లోపల లిథియం బ్యాటరీ పెడితే ఆ సెల్లుకి ఐఎస్ 16046 ఉంది. ఆ కుర్రాణ్ని వాటి నంబర్లు అడుగు. రేడియో భాగానికి దారి వేరు, టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ అనే విభాగం వాళ్లిచ్చే ఈటీఏ అనే అనుమతి ఉండాలి.

ఇక ఉప్పుగాలి. ఇందాక నేను చెప్పిన 5 మిల్లీమీటర్లు మామూలు గది వాతావరణానికి, ప్రమాణంలో దాన్ని పొల్యూషన్ డిగ్రీ 2 అంటారు. గట్టు మీద షెడ్డు పొల్యూషన్ డిగ్రీ 3 కిందికి వస్తుంది. బోర్డు మీద ఉప్పు, తేమ కలిసి పల్చటి పొర కడతాయి, దాని మీదుగా కరెంటు పాకుతుంది, నల్లటి చారలు పడతాయి. అక్కడ ఇంకా ఎక్కువ దూరం కావాలి, లేదా తేమ లోపలికి రాని పెట్టె కావాలి. నువ్వు తీసుకునే పెట్టె ఐపీ65 (దుమ్ము, నీటి ధార లోపలికి రానిది) అయ్యుండాలి, వైర్లు కేబుల్ గ్లాండ్ల (వైరు చుట్టూ బిగుసుకునే బిరడాలు) నుంచే లోపలికి వెళ్లాలి, పైన కాకుండా అడుగు భాగం నుంచి. పక్కన చిల్లు పొడిచి వైరు దూర్చి ఎంసీల్ పెడితే ఐపీ65 అనే మాటకి అర్థం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఏరేటర్ మోటార్ల కాంటాక్టర్లు (మోటారుని ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్చులు) ఉండే ప్యానెల్ వేరు, ఈ 12 వోల్టుల ఎలక్ట్రానిక్స్ పెట్టె వేరుగా ఉండాలి. రెండూ ఒకే డబ్బాలో కలపనివ్వకు. ఏరేటర్ లైన్లకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) పెట్టించు, నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కి చూడు. ఊరికే ట్రిప్ అవుతోందని దాన్ని బైపాస్ చేసే గట్లు నేను చూశాను. అది ట్రిప్ అవుతోందంటే ఎక్కడో మోటారులోనో, కేబుల్లోనో లీకేజీ ఉంది, అది వెతకాలి. నీళ్లలోకి దిగి పనిచేసే మనుషులుండే చోటు అది.

చెరువుగట్టు

బైపాస్ మాట నిజమే, మా చుట్టుపక్కల జరుగుతోంది. రేపే మనవాళ్లకి చెప్తా. చాలా థాంక్స్ సార్.

దర్శి_ఈసీఈ

నమస్తే, నేను ఈసీఈ ఫైనలియర్. ఇట్లాంటి పెట్టెనే ప్రాజెక్టుగా చేస్తున్నాను, లోరా (తక్కువ కరెంటుతో చాలా దూరం సందేశం పంపే రేడియో) మాడ్యూల్‌తో. రెండు డౌట్లు. ఒకటి, ఏ ఫ్రీక్వెన్సీ వాడాలి? రెండోది, మా క్లాసులో ఈ రిజిస్ట్రేషన్లన్నీ విదేశీ సరుకు ఆపడానికి పెట్టిన అడ్డుగోడలే అని ఒక వాదన వచ్చింది, నిజమేనా?

ల్యాబ్_ఒంగోలు

ఫ్రీక్వెన్సీ: మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్‌జ్ లైసెన్సు అక్కర్లేని బ్యాండు, లోరాకి అదే వాడు. ఆన్‌లైన్లో అమెరికా వెర్షన్ 915 మాడ్యూళ్లు కూడా దొరుకుతాయి, ఇక్కడ వాటికి ఆ వెసులుబాటు లేదమ్మా, కొనొద్దు. వైఫై, బ్లూటూత్ అయితే 2.4 గిగాహెర్ట్‌జ్, సమస్య లేదు. అమ్మకానికి వెళ్లే రోజుకి సరళ్ సంచార్ పోర్టల్‌లో ఈటీఏ పని చూసుకోవాలి, మాడ్యూల్ దిగుమతిదారు దగ్గర ఈటీఏ కాపీ ఇప్పుడే అడిగి దాచుకో.

రెండోది. ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓలో 1995 నుంచి టీబీటీ ఒప్పందం ఉంది. వాణిజ్యానికి సాంకేతిక అడ్డంకుల మీద ఒప్పందం అది. ప్రమాణం అంటే ఇష్టమైతే పాటించేది, టెక్నికల్ రెగ్యులేషన్ అంటే పాటించి తీరాల్సింది, అక్కడ ఈ తేడా స్పష్టంగా రాసి ఉంటుంది. ప్రజల భద్రత, మోసాల నివారణ, పర్యావరణం లాంటి కారణాలతో దేశాలు రూల్స్ పెట్టుకోవచ్చు. కానీ అంతర్జాతీయ ప్రమాణం ఉంటే దాన్ని ఆధారం చేసుకోవాలి, ముందుగా మిగతా దేశాలకి తెలియజేసి అభిప్రాయాలకి టైమివ్వాలి, సొంత సరుకుకి ఒక రూలు బయటి సరుకుకి ఇంకో రూలు పెట్టకూడదు. మన రిజిస్ట్రేషన్ ఇక్కడి ఫ్యాక్టరీకీ చైనాలోని షెన్‌జెన్ ఫ్యాక్టరీకీ ఒకటే, విదేశీ కంపెనీ అదనంగా ఇక్కడ ఒక అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలి. విదేశీ ల్యాబ్ రిపోర్టు నేరుగా ఒప్పుకోకుండా మళ్లీ ఇక్కడే టెస్ట్ చేయమనడం మీద కంపెనీల ఫిర్యాదు ఉంది, ఖర్చూ ఆలస్యమూ నిజమే. నా వరకు, మార్కెట్ నిఘా బలంగా లేనంత కాలం ఇక్కడి ల్యాబ్‌లో ఒక్కసారైనా విప్పి చూడటం అవసరమే. పైగా రూల్ పెట్టేది మనమొక్కరమే కాదు. చైనా తన సొంత మార్కెట్లో పవర్ బ్యాంకులకి 2024 ఆగస్టు నుంచి సీసీసీ సర్టిఫికేషన్ తప్పనిసరి చేసింది, ఆ గుర్తు లేని పవర్ బ్యాంకుని 2025 జూన్ ఆఖరు నుంచి అక్కడి దేశీయ విమానాల్లోకి తీసుకెళ్లనివ్వడం లేదు.

ఇంకో విషయం, నువ్వు చదువుకునేటప్పుడే 62368-1 అనే కొత్త ప్రమాణం పట్టుకో. పాత 60950-1ని, ఆడియో వీడియో వాటి 60065ని కలిపి దాని స్థానంలో వచ్చింది. యూరప్, అమెరికాల్లో 2020 డిసెంబర్ 20తో మారిపోయారు, మన దగ్గర ఐఎస్/ఐఈసీ 62368-1:2023గా వచ్చింది. అందులో ఆలోచనే వేరు. వస్తువులోని ప్రతి శక్తినీ (కరెంటు, వేడి లాంటివి) మూడు తరగతులు చేస్తారు: తాకినా నొప్పి లేనిది, నొప్పి ఉన్నా గాయం కానిది, గాయం చేసేది. ఆ శక్తికీ మనిషికీ మధ్య ఎన్ని రక్షణలు ఉన్నాయి, ఆ మనిషి మామూలు వాడా, చెప్పి శిక్షణ ఇచ్చినవాడా, నిపుణుడా అని చూస్తారు. నీ పెట్టెకి ఇదే ప్రశ్న వేసుకో: మూత తీసేది ఎవరు, తడి చేత్తో తీస్తాడా?

గూడూరు_మొబైల్స్

నిన్న రాత్రి షాపు కట్టేశాక కొత్తగా దిగిన పెట్టె విప్పి యాప్‌లో చూశాను. ఒక రకం డేటా కేబుల్‌తో వచ్చే అడాప్టర్‌కి నంబరు అసలు దొరకలేదు, ఇంకో రకానికి వస్తువు దగ్గర పవర్ అడాప్టర్ బదులు ఎల్ఈడీ లైటు అని వచ్చింది. రెండూ పక్కన పెట్టేశాను, హోల్‌సేలర్‌కి ఫోటోలు పంపి వాపసు తీసుకోమన్నాను. ఇంకెవరికైనా గూడూరు, నాయుడుపేట వైపు బిల్లుతో సరుకిచ్చే డీలరు తెలిస్తే మెసేజ్ పెట్టండి. ఒక అనుమానం, సీఈ అని ఉంటే చాలంటాడు మా హోల్‌సేలర్, అది కరెక్టా?

కందుకూరు_వకీలు

కాదు తమ్ముడూ. సీఈ యూరప్ మార్కెట్ కోసం తయారీదారు పెట్టుకునే గుర్తు. మన చట్టం దృష్టిలో దానికి విలువ లేదు, అలాగే క్యూసీ పాస్డ్ అనే స్టిక్కర్‌కి కూడా.

పొదలకూరు_రోడ్డు

అప్‌డేట్. షాపాయనకి యాప్ స్క్రీన్‌షాట్, వకీలు గారు చెప్పిన సెక్షన్ 86 మెసేజ్ పెట్టాను. సాయంత్రం పిలిచి డబ్బులు వెనక్కి ఇస్తానన్నారు, అడాప్టర్ తనకి ఇచ్చేయమన్నారు. బీఐఎస్ యాప్‌లో ఫిర్యాదు కూడా పెట్టాను, నంబరు వచ్చింది. అడాప్టర్ వెనక్కి ఇవ్వాలా?

కందుకూరు_వకీలు

ఇవ్వొద్దు. ఫిర్యాదు పెట్టాక అది సాక్ష్యం, బీఐఎస్ వాళ్లు అడిగితే చూపించాలి. ఫిర్యాదు నంబరు చెప్పి, అది తేలేదాకా వస్తువు నా దగ్గరే ఉంటుందని ఆయనకి మెసేజ్‌లోనే రాయండి.

సోల్డరింగ్_కావలి

విప్పొద్దన్నా దాన్ని, సీలు ఉన్నది ఉన్నట్టు ఉండనీ. నా దగ్గరున్నవి ఎలాగూ విప్పినవే, నిజం వై1 కెపాసిటర్, మామూలుది పక్కపక్కన పెట్టి ఫోటో రేపు ఇక్కడ పెడతాను. దర్శి అమ్మాయీ, నీకు బోర్డు మీద గాడి కోసిన మంచి అడాప్టర్ ఒకటి కావాలంటే కావలి వచ్చినప్పుడు తీసుకెళ్లు.